త్వరణ వోల్టేజి పెంచితే చుక్క తక్కువగా ఎందుకు జరుగుతోంది?

చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్న పాత ఆసిలోస్కోపు ట్యూబుకు వెలుగు చాలక త్వరణ వోల్టేజిని (ఎలక్ట్రాన్లను తెర వైపు వేగంగా తోసే వోల్టేజిని) 1000 నుంచి 2000 వోల్టులకు పెంచారనీ, ఎలక్ట్రాన్ పుంజాన్ని పక్కకు వంచే పలకల మీద మునుపటి 50 వోల్టులే ఉన్నా తెర మీది చుక్క 2 సెంటీమీటర్లకు బదులు 1 సెంటీమీటరే జరుగుతోందనీ రాశారు. మీ ట్యూబు చెడిపోలేదండీ.

ఎలక్ట్రాన్ వేగం త్వరణ వోల్టేజి వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది కనుక, వోల్టేజి రెట్టింపైతే వేగం సుమారు 1.41 రెట్లవుతుంది. అప్పుడు అది పలకల మధ్య గడిపే కాలమూ, ఆ కాలంలో పక్కకు పొందే వేగమూ సుమారు 0.71 వంతుకు తగ్గుతాయి. ముందుకు పోయే వేగం పెరగడం కూడా దీనికి తోడై, తెర మీద జరుగుబాటు సరిగ్గా సగమవుతుంది. ఈ లెక్కలో ఎలక్ట్రాన్ ఆవేశం, ద్రవ్యరాశి రెండూ కొట్టుకుపోవడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. పాత టీవీల్లో పుంజాన్ని వంచేది తీగచుట్టల అయస్కాంత క్షేత్రం కాబట్టి, అక్కడైతే జరుగుబాటు సగానికి కాక 0.71 వంతుకే తగ్గేది.

పలకలకు 100 వోల్టులిస్తే పాత జరుగుబాటు తిరిగి వస్తుంది. మీ యాంప్లిఫయరు అంత ఇవ్వలేకపోతే, 1000 వోల్టులకే దిగి, ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని అదుపు చేసే గ్రిడ్ మీది ఋణ వోల్టేజిని కొద్దిగా తగ్గించి వెలుగు పెంచుకోవడమే మేలని నా అభిప్రాయం. స్విచ్ ఆపిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన ఛార్జి మిగిలి ఉంటుంది కనుక, తగిన రెసిస్టరు ద్వారా దానిని ఖాళీ చేయకుండా లోపల చేయి పెట్టకండి.