పాత రేసు కార్ల చక్రాలకు ఆ అందం ఎక్కడిది?

పాత రేసు కార్ల చక్రాలు ఇప్పటివాటికన్నా అందంగా ఎందుకు అనిపిస్తాయి, అది పాతదనం మీద మోజేనా అని అడిగారు. మోజు కొంత ఉంది, కాదనను. కానీ పాత కార్లు బాగుచేసే ఒక మిత్రుడికి సాయంగా కొన్ని నెలలు స్పోకు చక్రాలు బిగించాక నాకు వేరే కారణం కనిపించింది. వాటిలో అలంకారానికి పెట్టినది దాదాపు ఏమీ లేదు. చక్రం ఏ పని చేస్తోందో పైకే కనిపిస్తుంది.

బండి బరువును అడుగు స్పోకులు మోస్తాయని అనుకునేవాణ్ణి. నిజానికి సన్నటి తీగను నొక్కితే వంగిపోతుంది, లాగితేనే నిలుస్తుంది. అందుకే అన్నిటినీ ముందే గట్టిగా లాగి బిగిస్తారు. బరువు పడినప్పుడు అడుగువాటి బిగువు కాస్త తగ్గుతుంది, అంతే. అవి ఒకదానినొకటి దాటుకుంటూ బుట్ట అల్లికలా కనిపించేది కూడా అందం కోసం కాదు. ఇంజను తిప్పుడుకూ బ్రేకు పట్టుకూ చక్రం నడిబొడ్డు (హబ్) మెలిపడకుండా అవి ఏటవాలుగా లాగి పట్టాలి. మా మిత్రుడు స్పానరుతో ఒక్కో స్పోకునూ తట్టి వినేవాడు: ఖంగుమంటే సరే, డొల్లగా మోగితే వదులు. నేను బిగించిన మొదటి చక్రాన్ని తిప్పితే రిమ్ము తప్పతాగినవాడిలా అటూ ఇటూ ఊగింది. దానికి బెండు తీయడానికి ఒక ఆదివారమంతా పట్టింది.

చక్రాన్ని పట్టి ఉంచే, మధ్యలోని రెక్కల నట్టుదీ అదే కథ. రాగి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే చక్రం చేతికొస్తుంది. పరుగులో వదులు కాకుండా కారు కుడివైపు మరలు ఒక దిక్కుకు, ఎడమవైపు మరలు ఇంకో దిక్కుకు తిరుగుతాయి. అది మరిచి, ఊడదీయాల్సిన నట్టును ఇంకా బిగించిన ఘనత నాది.

స్పోకులు కాక, కరిగించిన లోహంతో పోత పోసిన చక్రాలూ ఉన్నాయి. వాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది బుగాటీ టైప్ 35 అనే రేసు కారుది. 1924లో లియోన్‌లో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ రేసుతో బరిలోకి దిగిన కారు అది. ఎనిమిది చదునైన ఆకులతో అల్యూమినియం చక్రం, దాని వెనకే బ్రేకు డ్రమ్ము. చక్రం తీస్తే డ్రమ్ము కూడా వచ్చేస్తుంది, బ్రేకు షూలు ఎదురుగా కనిపిస్తాయి. ఫొటోల్లో ముందువైపే చూపిస్తారు గానీ, అసలు తెలివి వెనకవైపుంది.

1957లో లోటస్ 12 అనే రేసు కారుకు వచ్చిన మెగ్నీషియం చక్రానికి ఆకులే లేవు, అలలు తిరిగిన ఒక పళ్లెం ఉంది. పైకప్పు రేకుకు ముడతలు బలమిచ్చినట్టు ఆ అలలే దానికి బలం. మెగ్నీషియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాములు, అల్యూమినియానిది 2.7. చక్రం బరువును స్ప్రింగులు మోయవు కాబట్టి, అది ఎంత తేలికైతే గతుకుల మీద టైరు నేలను అంత బాగా అంటిపెట్టుకుంటుంది.

టైర్లు వెడల్పై, మలుపుల్లో పక్కతోపు పెరిగాక స్పోకుల కాలం చెల్లింది. పైగా స్పోకు కొనలను బిగించే చిన్న నట్లు, అంటే నిపుల్స్, కోసం రిమ్ముకు చిల్లులుంటాయి కాబట్టి ట్యూబు తప్పనిసరి.

మెగ్నీషియానికి ఆయుష్షు తక్కువ. తడి తగిలితే లోహాన్ని తినేస్తుంది, పగుళ్లు కంటికి ఆనవు. ఒకసారి ఒక పాత పోత చక్రానికి ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్లపొడి చల్లాం. కాసేపటికి ఆకు మొదట్లో వెంట్రుకంత ఎర్ర గీత తేలింది. ఆ చక్రం ఇప్పుడు షెడ్డు గోడకు వేలాడుతోంది. కారుకు కొత్తగా పోత పోసినది వేశారు.