శాండ్‌విచ్‌ని ఐమూలగా కోస్తారా, నిలువుగా కోస్తారా?

శాండ్‌విచ్‌ని ఐమూలగా కోస్తే రుచి ఎక్కువగా ఉంటుందంటారు, నిజమేనా? అంచులు తీసేయాలా, ఉంచాలా? మీ ఇంట్లో ఎలా తింటారు? ఇదీ మీ ప్రశ్న. పెళ్లయి బెంగళూరు వచ్చినప్పటి నుంచి మా వంటింట్లో బ్రెడ్ లేని వారం లేదు. పొద్దున టిఫినుకో, పాప స్కూలు బాక్సుకో, ఆదివారం సాయంత్రం ఎవరైనా వస్తేనో శాండ్‌విచ్ చేస్తూనే ఉంటాను. నా మట్టుకు నాకు ఆకారం తర్వాతి సంగతి. ముందు చూడాల్సింది ముక్క సైజు. మన తెలుగువాళ్లకి పెట్టేటప్పుడు అది ఇంకా ముఖ్యం.

మా అత్తగారిది హిందూపురం. రైలెక్కితే పూట తిరగకుండా ఇక్కడుంటారు కాబట్టి తరచుగా వస్తూ ఉంటారు. ఆవిడ ఎడమ చెయ్యి తిండికి తగలనివ్వరు. శాండ్‌విచ్‌ని కోయకుండా పళ్లెంలో పెడితే, చపాతీ తుంచినట్టు కుడి చేత్తోనే ఒక మూల తుంచబోతారు. పై బ్రెడ్ ఊడి చేతికొస్తుంది, కీరా ముక్కలు అటు జారతాయి, ఉల్లిపాయ చక్రాలు ఇటు. ఇక ఆవిడ మిగతాది పక్కకి నెట్టి, "నాకు రెండు ఇడ్లీలు చాలమ్మా" అంటారు. అదే శాండ్‌విచ్‌ని నాలుగు ముక్కలు చేసి పెట్టండి, ఒక్కో ముక్కా మూడు వేళ్ల మధ్య ఇమిడిపోతుంది, రెండో చెయ్యితో పనే ఉండదు. మాట్లాడకుండా తినేసి, కొత్తిమీర పచ్చడిలో ఉప్పు తగ్గిందని కూడా చెప్తారు.

ఇంకోటి ఎంగిలి. ఒకసారి కొరికిన శాండ్‌విచ్‌ని పక్కవాళ్లకి ఇవ్వలేం. ఆఫీసు క్యాంటీన్లో "ఇదిగో, రుచి చూడు" అని సగం కొరికినది చాచేవాళ్లని చూశాను గానీ, మా ఇంట్లో అది కుదరదు. పిల్లలైతే గౌను అంచు కప్పి కొరికి కాకి ఎంగిలి చేసుకుంటారు, పెద్దవాళ్లం ఏం చేస్తాం? ముందే నాలుగో ఆరో ముక్కలు చేసి పళ్లెం మధ్యలో పెడితే ఎవరిది వాళ్లు తీసుకుంటారు. రెండు శాండ్‌విచ్‌లు నలుగురికి సరిపోతాయి, ఎవరిది ఎవరూ ముట్టుకోరు.

అసలు ఇది ఒంటి చేతి తిండిగానే పేరు తెచ్చుకుంది. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జాన్ మాంటేగ్యూ అనే ఆయన, శాండ్‌విచ్ అనే ఊరి పేరున్న ప్రభువుల వంశంలో నాలుగోవాడు, పేకాట బల్ల దగ్గర నుంచి లేవకుండా రొట్టెల మధ్య మాంసం పెట్టించుకుని తినేవాడని కథ చెప్తారు. కథ మాటెలా ఉన్నా, 1762 నాటికే చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ తన దినచర్యలో ‘శాండ్‌విచ్’ అనే మాట రాసుకున్నాడు. ఇప్పుడు కెఫేల్లో మూడంతస్తులు పేర్చి, పైన పుల్ల గుచ్చి ఇస్తున్నారు. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నా నోరు చాలదు. అది చూస్తే ఆ ప్రభువు పేకముక్కలు కింద పెట్టేసేవాడు.

సరే, ఆకారం సంగతి. ఐమూల కోత గొప్పదని మా ఆయన వాదన. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి, వాదన అంటే లెక్క ఉండాల్సిందే. స్లైసు ఒక్కో పక్క 10 సెంటీమీటర్లున్న చదరం అనుకోండి. మధ్యకి నిలువుగా కోస్తే కత్తి గీత 10 సెంటీమీటర్లు. మూల నుంచి మూలకి కోస్తే 14 పైచిలుకు. అంటే అంచు అడ్డం లేకుండా లోపలి కూర నేరుగా నోటికందే వైపు దాదాపు 40 శాతం పొడుగవుతుంది. గట్టి అంచు మాత్రం ఎలా కోసినా సగం ముక్కకి 20 సెంటీమీటర్లే. ఇంతవరకు ఆయన లెక్క కరెక్టే. దానివల్ల రుచి పెరగదు, మొదటి ముద్ద హాయిగా ఉంటుంది, అంతే.

నాలుగు ముక్కలకొచ్చేసరికి ఈ లెక్క నిజంగా పనికొస్తుంది. కూడిక గుర్తులా కోస్తే నాలుగు చదరాలొస్తాయి, ప్రతిదానికీ రెండు పక్కల అంచు ఉంటుంది. ఇంటూ గుర్తులా కోస్తే వచ్చే నాలుగు త్రికోణాల్లో అంచు ఒక్క పక్కనే, మిగతా రెండు పక్కలా మెత్తనే. మా పాప అంచు తినదు. చదరం ఇస్తే రెండు వైపులా కొరుక్కుంటూ పోయి మూలలో కూర వదిలేస్తుంది. త్రికోణం ఇస్తే మొన దగ్గర మొదలుపెట్టి, అంచు దాకా శుభ్రంగా తిని, సన్నటి పుల్ల లాంటి ముక్క ఒకటి మాత్రం పళ్లెంలో పెడుతుంది. పోయేది అంచే, కూర కాదు. అంచు తినని పిల్లలున్న ఇంటికి ఇంటూ కోతే మేలు.

కానీ స్కూలు బాక్సుకి త్రికోణం పెట్టకండి. నలుచదరపు డబ్బాలో త్రికోణాలు సర్దితే మధ్యలో ఖాళీలు మిగులుతాయి, వ్యాను కుదుపులకి ముక్కలు పొర్లి మొనలు వంగిపోతాయి. సన్నటి మొన దగ్గర బ్రెడ్ తప్ప ఇంకేం ఉండదు కాబట్టి ముందు నలిగేదీ అదే. నిలువుగా రెండు ముక్కలు చేసి, కోసిన వైపు పైకి ఉండేలా బిగుతుగా నిలబెడితే మధ్యాహ్నం దాకా కదలవు. డబ్బా గుండ్రటిదైతే శాండ్‌విచ్ జోలికే పోకండి, పులిహోర పెట్టేయండి.

టోస్టు చేసినప్పుడు మాత్రం ఐమూలే, ఎందుకంటే అది మన చేతుల్లో లేదు. గ్యాస్ మీద పెట్టే టోస్టరు ఉంటుంది చూడండి, రెండు రేకులు కలిపి పొడుగాటి పిడులతో బిగించేది, దాని లోపల మూల నుంచి మూలకి గట్టు ఉంటుంది. కరెంటు దాంట్లోనూ చాలా వాటికి అంతే. మూత నొక్కగానే బ్రెడ్ ఆ గట్టు దగ్గర అతుక్కుని రెండు జేబుల్లా తయారవుతుంది. లోపల పూరీ కూర పెట్టినా కారదు. చాలామందికి శాండ్‌విచ్ అంటే త్రికోణం అనే అలవాటు ఈ టోస్టరు దగ్గరే పడిందని నా అనుమానం. ఇంటి పొయ్యి మీద అచ్చు ఎలా ఉంటే తిండీ అలాగే ఉంటుంది, గుంత పొంగణాలు చదరంగా ఎవరైనా పోశారా?

మా ఊళ్లో మాకు చిన్నప్పుడు ఈ కోతల గొడవే లేదు. బ్రెడ్ అంటే జ్వరం. పాలల్లోనో టీలోనో ముంచుకు తినడం, లేకపోతే ఆసుపత్రిలో ఉన్నవాళ్లని చూడటానికి బత్తాయిలతో పాటు ఒక ప్యాకెట్ పట్టుకెళ్లడం. ఇప్పటికీ మా నాన్నకి బ్రెడ్ చూపిస్తే "ఎవరికి బాగాలేదు?" అంటారు. బ్రెడ్‌ని కారంగా, వేడిగా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా తినొచ్చని నాకు తెలిసింది బెంగళూరు అయ్యంగార్ బేకరీల్లోనే. చిక్కపేటలో 1898లో మొదలైన బేకరీ ఈ కోవలో మొదటిదని చెప్తారు. తర్వాత హాసన్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఊరంతా పెట్టుకుంటూ పోయాయి. అక్కడ గుడ్డు వాడరు, అందుకే మా అత్తగారికీ అభ్యంతరం లేదు.

బెంగళూరులోనే వీవీ పురం వైపు వెళ్తే మసాలా టోస్టు తినకుండా రాము. మా ఇంటి దగ్గర బేకరీలోనూ చేస్తారు. పెద్ద పెనం మీద వెన్న రాసి బ్రెడ్ స్లైసులు వరసగా పరుస్తాడు. ఒక పక్కన ఉల్లిపాయ, క్యారెట్ తురుము, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి మగ్గించిన కూర కుప్పగా పెట్టుకుని ఉంటాడు. స్లైసు ఎర్రబడగానే కూర పైన పరిచి అట్లకాడ అంచుతో టక్‌మని ఐమూలగా ఒక్క దెబ్బ వేస్తాడు, కాగితం మీదకి తోస్తాడు. కత్తి లేదు, కొలత లేదు. పైన బ్రెడ్ మూత కూడా ఉండదు, కాబట్టి దీన్ని శాండ్‌విచ్ అనొచ్చా అని మా ఆయన సందేహం. నిలబడి తినేటప్పుడు వెడల్పు వైపు పట్టుకుంటే మొన కిందకి వాలి క్యారెట్ అంతా చొక్కా మీద పడుతుంది. రెండు పక్కలా కాస్త పైకి మడిచి దోనెలా పట్టుకుంటే ఒక్క తురుమూ జారదు. పక్కన బెంచీ మీద కూర్చునే పెద్దాయనలందరూ అలాగే తింటారు, చూసి నేర్చుకున్నాను.

ముంబై పద్ధతి శాండ్‌విచ్ బండ్లు కూడా ఇప్పుడు ఇక్కడ చాలా చోట్ల ఉన్నాయి. వెన్న, పచ్చటి చట్నీ రాసి, ఉడికించిన బంగాళాదుంప, బీట్‌రూట్, కీరా, టమాటా చక్రాలు పేర్చి, మసాలా చల్లి మూసేస్తారు. మా వీధి చివర బండివాడు నిలువుగా రెండు, అడ్డంగా ఒకటి, మూడు గీతలు గీస్తాడు. ఆరు ముక్కలు. ఒక్కోటి ఒక్క నోటికి సరిపోతుంది, కొరికే పనే లేదు. మా అత్తగారి పరీక్షలో వందకి వంద వచ్చిన కోత ఇదే.

పచ్చి కూరగాయలు పెట్టినప్పుడు ఆరు ముక్కలైనా ఊడకుండా రావాలంటే కోతకి ముందే కొంత పని ఉంటుంది. వెన్న రెండు స్లైసులకీ మూల మూలకీ రాయాలి. కొవ్వు పొర ఉంటే టమాటా నీరు బ్రెడ్‌లోకి దిగదు. ఉప్పు ముందుగా చల్లకూడదు, చల్లితే కీరా నీళ్లు వదిలేస్తుంది. కత్తి రంపంలా పళ్లున్నది వాడాలి, పైనుంచి నొక్కకుండా ముందుకీ వెనక్కీ లాగాలి. కూరగాయల కత్తితో నొక్కితే బ్రెడ్ అణిగిపోయి టమాటా గింజలు పక్కనుంచి తన్నుకొస్తాయి. టోస్టు చేసినదైతే ఒక నిమిషం ఆగి కోయండి, లోపలి ఆవిరి తగ్గుతుంది. బ్రెడ్‌ని ఫ్రిజ్‌లో పెట్టే అలవాటుంటే మానేయండి. ఆ చలికి అందులోని పిండి పదార్థం తొందరగా గట్టిపడుతుంది, కోస్తుంటే పొడి రాలుతుంది. రెండు మూడు రోజుల్లో తినేస్తే బయటే ఉంచొచ్చు, ఇంకా ఉంచాలంటే డీప్ ఫ్రీజర్లో పెట్టాలి.

లోపల ఏం పెట్టాలో మీరు అడగలేదు, అయినా చెప్తాను. గుడ్డు పొరటు బాగుంటుంది కానీ రాలుతుంది, కాబట్టి నిలువు కోత. కందిపొడి, నెయ్యి కలిపి పలచగా రాసి టోస్టు చేస్తే దేనికీ తీసిపోదు, అది ఎలా కోసినా నిలుస్తుంది. గోంగూర పచ్చడి వెన్నతో కలిపి సన్నటి ఉల్లిపాయ చక్రాలు పెడితే మా ఇంట్లో గొడవలు జరుగుతాయి, ఎవరికెన్ని ముక్కలని. ఆవకాయ మీద మయొనైజ్ వేసి ఫ్యూజన్ అనేవాళ్లతో మాత్రం నాకు పొత్తు కుదరదు. ఆవకాయకి అన్నం ఉంది, దాన్ని వదిలేయండి.

ఇక అంచులు. పెద్ద హోటళ్ల టీ శాండ్‌విచ్‌లకి అంచులు తీసేస్తారు, చూడటానికి నాజూగ్గా ఉంటాయి. ఇంట్లో నేను తీయను. ఓవెన్ వేడి నేరుగా తగిలి ఎర్రబడేది అక్కడే, బ్రెడ్ మొత్తంలో కాస్త కమ్మటి వాసన ఉండేదీ ఆ భాగానికే. పైగా పట్టుకోవడానికి గట్టిగా ఏదో ఒకటి ఉండాలి కదా. పుట్టినరోజులకి మరీ ముద్దుగా కావాలంటే తీస్తాను, అప్పుడు కూడా శాండ్‌విచ్ మొత్తం పేర్చాకే. ముందే తీసేస్తే స్లైసులు సమంగా కలవవు, పక్కలు ఎగుడుదిగుడుగా వస్తాయి.

తీసిన అంచులు, పాప వదిలేసేవి కాకుండా శుభ్రమైనవి, ప్యాకెట్లో ఎవరూ ముట్టని మొదటి ముక్క, చివరి ముక్కతో కలిపి మా అత్తగారు పళ్లెంలో ఎండబెడతారు. కొన్ని బ్రెడ్ ఉప్మాలోకి పోతాయి, ఆవాలు, కరివేపాకు, పసుపు వేసి, చివర్లో నిమ్మరసం పిండి. మిగిలినవి మిక్సీలో రెండు తిప్పులు తిప్పి సీసాలో పోస్తారు. కట్‌లెట్ల మీద అద్దడానికి బయట కొనే పొడి కంటే ఇదే కరకరలాడుతుంది. మరీ పిండిలా తిప్పేయకండి, బొంబాయి రవ్వంత గరుకుగా ఉన్నప్పుడే ఆపేయాలి.