మైత్రేయిలా నటినవుతానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: విజయవాడ నుంచి వచ్చి కెనడాలోని మిసిసాగాలో స్థిరపడ్డాం. మా అమ్మాయికి 16 ఏళ్లు, గ్రేడ్ 11. ఇంజినీరింగ్ వద్దు, నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌లో హీరోయిన్‌గా చేసిన మైత్రేయి రామకృష్ణన్‌లా నటినవుతానంటోంది. ‘ఆమెదీ మన మిసిసాగాయే, చదువు మానేసి స్టార్ కాలేదా?’ అని వాదిస్తోంది. ఒక సంస్థేమో పోర్ట్‌ఫోలియోకి, శిక్షణకి ముందుగానే డబ్బు కట్టమంటోంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మైత్రేయి చదువు మానేయలేదు. శ్రీలంక నుంచి శరణార్థులుగా వచ్చిన తమిళ దంపతుల బిడ్డ ఆమె. 2019లో అమెరికన్ నటి, రచయిత్రి మిండీ కేలింగ్ తన ‘నెవర్ హ్యావ్ ఐ ఎవర్’ సిరీస్‌కి కొత్త ముఖం కావాలని ట్విటర్‌లో ప్రకటించింది. స్నేహితురాలు ఆ సంగతి చెబితే మైత్రేయి అమ్మ కెమెరా పట్టుకెళ్లి, లైబ్రరీలో వీడియో తీసుకుని పంపింది. మొత్తం వచ్చినవి సుమారు 15,000. ఆ తర్వాత మరికొన్ని వీడియోలు అడిగారు, లాస్ ఏంజెలెస్‌లో స్క్రీన్ టెస్ట్ చేశారు, చివరికి ఆమెనే తీసుకున్నారు. అప్పటికి ఆమెకు 17 ఏళ్లు. యార్క్ యూనివర్సిటీలో థియేటర్ సీటు చేతిలో ఉంది. దాన్ని వదులుకోకుండా వాయిదా వేయించుకుంది. తర్వాత అక్కడే మానవ హక్కుల కోర్సుకి మారింది. ఈ సగం కథ మీ అమ్మాయి చెవిన పడినట్టు లేదు.

అలాగని 15,000 అంకె చూపించి పిల్లను బెదిరించకండి. అది ఒక్క పాత్రకి పడిన పోటీ. ఏ నటికైనా ఆ వీడియో ఒక్కటే జీవితాధారం కాదు. దానికి ముందు మైత్రేయికి ఉన్నది స్కూల్లో నాటకాల అలవాటు. మీ అమ్మాయి ఇప్పటివరకు ఎన్ని నాటకాలు వేసింది? ఒక్కటీ లేకపోతే ముందు స్కూల్ డ్రామా క్లబ్‌లో చేరమనండి. రిహార్సల్స్‌కి రోజూ వెళ్లాలనిపిస్తుందో లేదో ఒక్క టర్మ్‌లో తేలిపోతుంది.

సినిమా ఛాన్సులంటే మనవాళ్లకి కృష్ణానగర్ గుర్తొస్తుంది. మీ పక్కనున్న టొరంటో తీరు వేరు. ఇక్కడ కాస్టింగ్‌లో చాలా భాగం ఇంట్లో తీసిన వీడియోలతోనే నడుస్తుంది, పైన ఆక్ట్రా అనే నటుల యూనియన్ ఉంది. 18 ఏళ్లలోపు నటులకు మన ఒంటారియో ప్రావిన్స్‌లో ప్రత్యేక చట్టమే ఉంది, 2016 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. పని గంటలకు పరిమితి, స్కూల్ రోజుల్లో ట్యూటరింగ్, సంపాదనలో కొంత ట్రస్టులో దాచడం అందులోని అంశాలే. పిల్లలకు 16 నిండేవరకు సెట్‌కి పెద్దవాళ్లు తోడు వెళ్లాలి. మీ అమ్మాయి ఆ వయసు దాటినా, మొదటి కొన్నిసార్లు మీరో మీవారో వెళ్లడమే నయం.

ఇక ఆ సంస్థ. కట్టకండి. నిజమైన ఏజెంట్ పని ఇప్పించాక వచ్చిన పారితోషికంలోంచి కమీషన్ తీసుకుంటాడు, ముందుగా అడగడు. ‘ఈ వారంలోపు కడితేనే’ అని తొందరపెట్టేవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లనే వద్దు. వీడియోకి స్టూడియో కూడా అక్కర్లేదు. సాదా గోడ, ముఖం మీద వెలుతురు, స్పష్టమైన మాట, కెమెరా పక్కన నిలబడి ఎదుటి పాత్ర డైలాగులు చదివే మనిషి చాలు. ఆ చదివే పని మీరే చేయండి. కూతురు ఎంత శ్రమపడుతోందో కళ్లారా చూస్తారు.

ఆదాయం సంగతి దాచను. మైత్రేయి సిరీస్ చివరి సీజన్ 2023 జూన్‌లో వచ్చింది. జులైలో అమెరికా నటుల సమ్మె మొదలై నవంబర్ దాకా సాగింది. టొరంటోలో షూటింగులు చాలావరకు అమెరికా డబ్బుతో నడిచేవే కాబట్టి ఇక్కడా ఎందరికో పని పోయింది. అందుకే పక్కన ఇంకో చదువో, నైపుణ్యమో ఉండాలంటాను.

అది మీరనుకున్నంత కష్టం కాదు. ఒంటారియోలో యూనివర్సిటీకి గ్రేడ్ 12లో ఆరు కోర్సులు కావాలి. ఇంజినీరింగ్‌కి ఇంగ్లిష్, అడ్వాన్స్‌డ్ ఫంక్షన్స్, క్యాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ పోగా ఆరోది ఖాళీయే. అక్కడ డ్రామా పెట్టించండి. అప్పుడు మీరు కోరుకున్న ఇంజినీరింగ్‌కీ అప్లై చేయొచ్చు, మీ ఊళ్లోనే షెరిడన్ కాలేజీతో కలిసి టొరంటో యూనివర్సిటీ మిసిసాగా క్యాంపస్ నడిపే థియేటర్ కోర్సుకి ఆడిషనూ ఇవ్వొచ్చు. అయితే అయిదు భారీ సబ్జెక్టులతో పాటు నాటకం అంటే ఆ ఏడాది తీరిక ఉండదు. మోయగలదో లేదో ఆమెనే చెప్పనివ్వండి. కోర్సుల ఎంపిక గడువు ముగిసేలోపు స్కూల్ గైడెన్స్ కౌన్సెలర్‌ని ఇద్దరూ కలిసి కలవండి.