ఆపరేషన్ తర్వాత సోడియం తగ్గితే నీళ్లెందుకు తగ్గిస్తారు?

పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయిన పెద్దాయనకు రక్తంలో సోడియం 126కి పడిపోతే ఉప్పు పెంచకుండా నీళ్లు తగ్గించమన్నారేమిటని మీ ప్రశ్న. చాలాసార్లు అక్కడ ఉప్పు పోయి ఉండదు, నీళ్లు ఎక్కువై పలచబడి ఉంటుంది. కోత నొప్పి, వాంతులు, ఒత్తిడి వల్ల ఏడీహెచ్ అనే హార్మోన్ పెరిగి, కిడ్నీలు నీటిని బయటికి వదలవు. 70 ఏళ్లు దాటాక కిడ్నీలు అసలే నిదానం. బీపీకి థయాజైడ్ (మూత్రం ఎక్కువగా పోయించే రకం) మాత్ర వాడుతుంటే సోడియం ఇంకాస్త తగ్గుతుంది.

సోడియం మామూలుగా లీటరు రక్తానికి 135–145 (mEq/L) ఉండాలి. తగ్గితే మత్తుగా ఉండటం, ఈరోజు ఏ వారమో చెప్పలేకపోవడం, తూలడం కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు "వయసు కదా" అని సరిపెట్టుకుంటారు, ప్రమాదమంతా అక్కడే. అలాగని సోడియం గబగబా ఎక్కించేయకూడదు. రోజుల తరబడి తక్కువగా ఉన్నదాన్ని 24 గంటల్లో 8–10కి మించి పెంచితే మెదడు దెబ్బతినొచ్చు.

పొట్ట మీద ఇలియోస్టమీ సంచి (చిన్నపేగును పొట్ట మీదికి తెరిచి, మలం పడేలా తగిలించేది) ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ ఉప్పూ నీళ్లూ రెండూ నిజంగానే పోతాయి. ఉత్త నీళ్లు ఎక్కువ తాగిస్తే సంచి ఇంకా నిండుతుంది, అంతే. డాక్టరు చెప్పిన కొలతలో ఓఆర్ఎస్ ఇవ్వాలి. కొబ్బరినీళ్లు దానికి బదులు కావు: సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. కిడ్నీ బలహీనంగా ఉంటే ఆ పొటాషియంతో గుండెకే ముప్పు. రోజూ పొద్దున్నే బరువు చూసి రాయండి, సంచిలోంచి ఎంత పోయిందో కూడా.