శని, ఆదివారాలు స్కీ కోచ్‌గా చేరితే డబ్బులు మిగులుతాయా?

చెల్లెమ్మా,

నల్గొండ నుంచి ఇక్కడ అమెరికాలో సియాటెల్ పక్కనున్న రెడ్మండ్ వచ్చి పదహారు నెలలైందని, పోయిన చలికాలం స్కీయింగ్ నేర్చుకున్నావని, ఈసారి వీకెండ్ పిల్లలకు నేర్పే పనిలో చేరితే జీతానికి జీతం, కొత్త మంచులో షికారుకి షికారు అని రాశావు. షికారు సంగతి తర్వాత మాట్లాడదాం. జీతం మాట మాత్రం ఇప్పుడే మర్చిపో. ఈ పనిలో చేరిన రోజు నుంచి నేను ఒక నోట్‌బుక్కులో జమాఖర్చులు రాసుకుంటున్నాను. మా ఆయన దాన్ని ‘కొండ చిట్టా’ అంటాడు. మొదటి మూడు సీజన్లూ నష్టమే.

రూల్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్తా, మిగతాది లాయర్ని అడగండి. నువ్వు హెచ్4 మీద, అంటే మొగుడి వీసాని బట్టి వచ్చే వీసా మీద ఉన్నావు, ఈఏడీ (పని చేసుకోవడానికి అనుమతి కార్డు) చేతికొచ్చింది కాబట్టి చేరొచ్చు. మరిదిది, అదే మీ ఆయనది, హెచ్1బీ ఉద్యోగ వీసా. స్పాన్సర్ చేసిన కంపెనీ తప్ప ఇంకో చోట పని చేయకూడదు. ‘జీతం వద్దు, సీజన్ పాస్ (చలికాలమంతా చెల్లే స్కీ టికెట్) ఇస్తే చాలు’ అన్నా చిక్కే, ఆ పాస్‌ని కూడా జీతం కింద లెక్కేయొచ్చు. నేను 2013లో ఆ గోతిలోనే పడబోయాను. ఉత్తి హెచ్4 మీద ఉండి, పాస్‌కి ఆశపడి ఫారం నింపేశాను. సంతకం పెట్టే ముందు రోజు పక్కింటావిడ చూసి ఆపింది. లేకపోతే మా గ్రీన్‌కార్డు ఫైలు ఏమయ్యేదో. కాబట్టి మరిది డబ్బు పెట్టి టికెట్ కొనుక్కుని స్కీ చేసుకోవాల్సిందే. వీకెండ్ టికెట్ వంద డాలర్లు దాటిపోయింది, అది కూడా చెప్పు.

నేను పుట్టి పెరిగింది నరసరావుపేటలో. ఐసుగడ్డ చూడాలంటే సోడా బండి దగ్గరికి పోవాలి. 2004లో ఇక్కడికొచ్చాను. పదకొండేళ్లు సొంతంగా ఒక్క డాలర్ సంపాదించలేదు. ఎంకామ్ చదివిన దాన్ని, కూరగాయలు కొనడానికి కూడా మా ఆయన కార్డే. పిల్లల్ని శనివారాలు స్నోక్వాల్మీ కనుమకి స్కీ క్లాసులకి తీసుకెళ్లి, కింద లాడ్జిలో కాఫీ ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎనిమిది వారాల కాఫీ ఖర్చు లెక్కేసుకుంటే, ఆ డబ్బుతో నేనే నాలుగు క్లాసులు నేర్చుకోవచ్చని తేలింది. అలా ముప్ఫై నాలుగేళ్ల వయసులో మొదలుపెట్టాను. భక్తి లేదు, ముక్తి లేదు, అంతా లెక్కే.

నా మొదటి తప్పు బూట్లు. అక్టోబర్‌లో పాత స్కీ సామాను అమ్మే సంతలు జరుగుతాయి, స్వాప్ అంటారు. అక్కడ 40 డాలర్లకి బూట్లు దొరికాయి. నా పాదం 23.5 సెంటీమీటర్లు, అవి 25.5వి. ‘వదులుగా ఉంటే హాయి, రెండు జతల ఉన్ని సాక్సులు వేసుకుంటే సరి’ అనుకున్నాను, మనవాళ్లు పిల్లలకి ఎదిగే కాలానికి చెప్పులు కొన్నట్టు. 360 డాలర్లు మిగిలాయని ఇంటికొచ్చి మురిసిపోయాను కూడా. కొండ మీద ఏమైందంటే, నేను మోకాలు ఎడమకి తిప్పితే పాదం బూటు లోపల ఎడమకి తిరుగుతుంది, స్కీ మాత్రం తన దారిన తాను పోతుంది. అది ఆపడానికి బకిల్స్ బిగించేదాన్ని. రక్తం ఆడక వేళ్లు మొద్దుబారేవి. రెండు సీజన్లు నా కాళ్లకి బలం లేదనే అనుకున్నాను. బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయాక అప్పుడు షాపుకెళ్తే, అక్కడి కుర్రాడు కొలిచి నవ్వాడు. నిలబడితే వేళ్లు ముందు భాగానికి తగలాలి, మోకాళ్లు వంచితే కొంచెం వెనక్కి జరగాలి. సాక్సు ఒకటే, అదీ పల్చటిది. చివరికి కొత్త బూట్లకి 400 పెట్టనే పెట్టాను. ఆ 40 చిట్టాలో దండగ పద్దు కింద ఉంది. స్కీలు అద్దెకి తెచ్చుకున్నా పర్లేదు గానీ బూట్ల దగ్గర పిసినారితనం చేయకు. పిసినారినే చెప్తున్నా.

హెచ్4 వాళ్లకి ఈఏడీ ఇచ్చే రూల్ 2015 మేలో అమల్లోకొచ్చింది. కార్డు రాగానే అందరూ క్లౌడ్, టెస్టింగ్ కోర్సులకి పరిగెత్తారు, నేను స్కీ స్కూల్‌కి అప్లై చేశాను. మా అత్తగారు ఫోన్‌లో ‘చదువుకున్న దానివి, జారుడుబల్ల దగ్గర ఉద్యోగమా’ అంది. మొదటి చెక్కు 108 డాలర్లు, మూడు శనివారాలకి. అప్పటి రేటుకి ఏడు వేల రూపాయల పైచిలుకు. దాన్ని క్యాష్ చేయకుండా వారం రోజులు దేవుడి గూట్లో పెట్టుకున్నాను. తర్వాత చిట్టాలో పెట్రోలు, గొలుసులు, బూట్లు పక్కనే రాస్తే ఎర్ర ఇంకులో తేలింది. రోజుకి క్లాసు నాలుగ్గంటలే, ఇల్లు వదిలి మళ్లీ ఇల్లు చేరేసరికి పదకొండు గంటలు. మిగిలేది సీజన్ పాస్. ఎలాగూ టికెట్ కొని స్కీ చేసే మనిషివైతే అది లాభం. లేకపోతే ఏమీ లేదు.

గొలుసులన్నాను కదా, టైర్లకి వేసే చెయిన్లు. కొండదారి బోర్డు మీద ‘చెయిన్స్ తప్పనిసరి’ అని పడ్డాక వేసుకోకుండా పోతే ఫైన్ 500 డాలర్ల దాకా ఉంటుంది. ఆల్‌వీల్ డ్రైవ్ బండైతే మామూలుగా టైర్లకి వేసుకోనక్కర్లేదు గానీ డిక్కీలో ఉండాలి. అది తెలియక నేను దారిలోని నార్త్ బెండ్ నుంచి వెనక్కి తిరిగొచ్చిన శనివారం ఒకటుంది. ఆ రోజు జీతం సున్నా.

ఇక అసలు కథ. నా మొదటి సీజన్‌లో కనుమ పండగ శనివారం పడింది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. నేను తెల్లారి ఐదున్నరకి జాకెట్ జేబులో పులిహోర పొట్లం పెట్టుకుని, చీకట్లో ఆ కనుమకే బయలుదేరాను. రాత్రంతా కురిసింది. ఏడెనిమిదేళ్ల పిల్లలు ఆరుగురు నా వంతుకొచ్చారు. కోచ్‌గా మన పని చదును చేసిన వాలు మీద పిజ్జా, ఫ్రెంచ్ ఫ్రైస్ చెప్పడం. స్కీల ముందు కొసలు దగ్గరికి చేరిస్తే పిజ్జా, ఆగుతావు. సమాంతరంగా పెడితే ఫ్రైస్, పోతావు. కానీ పక్కనే ఎవరూ తొక్కని మంచు మోకాలి లోతున మెరుస్తోంది. పిల్లలు గోల. సరే ఒక్కసారి అన్నాను.

మూడో పిల్లాడు పడ్డాడు, ఒక స్కీ ఊడి మంచులో మాయమైంది. వాణ్ని ఒంటికాలి మీద నిలబెట్టి, వాడు పడి ఆగిన చోటు నుంచి కిందికి తవ్వడం మొదలుపెట్టాను. జారే వస్తువు కిందికే పోతుంది కదా! ఇరవై ఐదు నిమిషాలు తవ్వాను. మిగతా ఐదుగురూ చలికి వణుకుతున్నారు, ఒకడు బాత్రూం అంటున్నాడు. నా బుర్రలో తిరుగుతున్నది వేరే: అది అద్దె స్కీ, దాని ఖరీదు నా జీతంలో కోస్తారా? ఎన్ని శనివారాలు? అప్పుడొక ముసలాయన, ఇరవై ఏళ్లుగా నేర్పుతున్న కోచ్, కొండెక్కించే కుర్చీ లిఫ్టు మీంచి చూసి వచ్చాడు. పిల్లాడు పడ్డ చోటికి పైన, రెండు బారల దూరంలో, స్కీ కర్ర తిరగేసి పట్టుకుని వరసగా అడ్డంగా గుచ్చుకుంటూ పోయాడు. రెండు నిమిషాల్లో ‘టక్’ మంది. కొత్త మంచులో ఊడిన స్కీ అక్కడే ఆగిపోతుంది, మనిషే కిందికి దొర్లుతాడు. ఆ ముక్క ఇక్కడి పిల్లలకి కూడా తెలుసు, నాకు తెలియలేదు. ఆ రోజు పులిహోర తీసి చూస్తే గడ్డకట్టింది. మిరపకాయని చప్పరించి ఊరుకున్నాను.

మరి పౌడర్ (ఎవరూ తొక్కని పొడి మంచు) ఆనందం ఎప్పుడంటావా? శనివారం మాత్రం కాదు. శనివారం నువ్వు పిల్లల ముక్కులు తుడుస్తుంటే జనం నీ కళ్ల ముందే కొత్త మంచంతా దున్నేస్తారు. పైగా స్నోక్వాల్మీ ఎత్తు 3,022 అడుగులే, పొద్దున ఇడ్లీ రవ్వలా పొడిపొడిగా ఉన్నది మధ్యాహ్నానికి వాన పడి రుబ్బిన పిండి అయిపోతుంది. దీన్ని ‘కాస్కేడ్ కాంక్రీట్’ అనే పిలుస్తారు. మంగళ, బుధవారాల్లో కురిస్తే ఆ పాస్ పట్టుకుని పొద్దున్నే పోవాలి. చిన్నప్పుడు మా ఊరి జిన్నింగ్ మిల్లులో పత్తి గుట్టల మీదికి దూకేవాళ్లం. కాలు ఎక్కడ ఆగుతుందో తెలియదు, చప్పుడుండదు. నలభై దాటాక మళ్లీ అది దొరికింది, ఆ పద్దుకి చిట్టాలో గడి లేదు. ఎవరో చెప్పారని నేను మొదట్లో వెనక్కి వాలి తొడలు మండించుకున్నాను. వాలకు. మధ్యలో నిలబడి, రెండు కాళ్లు దగ్గరగా పెట్టి, బరువు రెండింటి మీదా సమానంగా వేసి, కొంచెం వేగంగా పోనివ్వు.

చెట్ల మొదళ్లకి దూరంగా ఉండు. కింది కొమ్మల వల్ల అక్కడ మంచు గట్టిపడదు, పైకి కనపడని గొయ్యి ఉంటుంది. తలకిందులుగా పడితే సొంతంగా బయటికి రావడం దాదాపు అసాధ్యం, ఊపిరాడదు. కాబట్టి ఒంటరిగా పోకు, తోడొచ్చిన మనిషి కనుచూపు దాటకు. హద్దు తాడు దాటి అసలే వద్దు. స్టీవెన్స్ పాస్ అనే ఇంకో కనుమ దగ్గర 2012 ఫిబ్రవరిలో ఆరితేరిన స్కీయర్లే ముగ్గురు మంచు చరియ విరిగిపడి పోయారు. ఆ చుట్టుపక్కలే 1910లో అలాగే రెండు రైళ్లు కొట్టుకుపోయి 96 మంది చనిపోయారు. తాడు దాటాలంటే బీకన్ (మంచులో కూరుకుపోతే జాడ చెప్పే రేడియో), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), శిక్షణ కావాలి. అన్నీ కలిపి నా లెక్కలో ఎనిమిది, తొమ్మిది వందలు. నేను పెట్టలేదు, అందుకే దాటను. ఇంకొకటి: క్లాసులో దెబ్బ తగిలితే రాష్ట్రం కార్మిక బీమా చూసుకుంటుంది. డ్యూటీ లేని మంగళవారం కాలు విరిగితే మరిది ఇన్సూరెన్సే, డిడక్టిబుల్, అంటే ముందు మన జేబులోంచి కట్టాల్సింది, ఎంతో కనుక్కో.

అప్లికేషన్లు ఎండాకాలం అయిపోగానే తీసుకుంటారు, పిల్లలతో పని కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. కోచ్‌లకిచ్చే లెవెల్ 1 సర్టిఫికెట్‌కి మొదటి ఏడాదే తొందరపడకు. పరీక్ష ఫీజు, సభ్యత్వం కట్టాక, నాకు పెరిగిన జీతంతో అది తిరిగి రావడానికి రెండు సీజన్లు పట్టింది. జాకెట్ వాళ్లే ఇస్తారు, కొనకు.

పాదం కొలత సెంటీమీటర్లలో రాసి పంపు. 24.5 అయితే మా అమ్మాయి బూట్లు ఉన్నాయి, రెండే సీజన్లు వాడింది. ఊరికే ఇవ్వను, 40 డాలర్లు.