చువ్వలకు రాసుకునే సైకిలు సంచికి ఇంటి మరమ్మతు

ప్రశ్న: ప్రతి ఆదివారం సైకిలు మీద రైతు బజారుకు వెళ్లి వారానికి సరిపడా కూరగాయలు, సరుకులు తెచ్చుకుంటాను. క్యారియర్‌కు రెండు వైపులా వేలాడేలా గుడ్డ సంచుల జత కుట్టించుకున్నాను గాని, బరువు పడగానే అవి చక్రం చువ్వలకు రాసుకుంటున్నాయి. కిందటి నెల ఒక మూల చిరిగి వంకాయలన్నీ రోడ్డు పాలయ్యాయి. తొక్కేటప్పుడు మడమ కూడా తగులుతోంది. వీటినే బాగుచేసుకునే దారి చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తప్పకుండా బాగుచేసుకోవచ్చునండి. లోపం గుడ్డలో లేదు, సంచికి వెన్ను లేకపోవడంలో ఉంది. గుడ్డ ఎంత మందమైనదైనా, నాలుగైదు కిలోలు పడేసరికి అడుగు ఉబ్బి, ఖాళీ ఉన్న చక్రం వైపుకే జరుగుతుంది. అందుచేత ఆ వైపున గట్టి పలక పెట్టాలి. పిల్లలు పరీక్షలకు వాడి వదిలేసిన అట్టలు ఇంట్లో ఉంటే ఈ పనికి అంతకన్న అనువైనవి లేవు. ఒక్కొక్క అట్టకు క్లిప్పు ఊడదీసి, మూలలను గరుకు కాగితంతో గుండ్రంగా అరగదీసి, తడికి ఉబ్బకుండా రెండు వైపులా, అంచులకు కూడా పెయింటు పూసి ఆరనిచ్చి, సంచి లోపల అదే కొలతకు కుట్టిన జేబులోకి దించండి. సంచి ఉతికేటప్పుడు అట్టను పైకి తీసివేయవచ్చు.

పలక పెట్టినా గతుకుల్లో సంచి అడుగు ఊగుతుంది. సైకిలు షాపులో పాత ట్యూబు అడిగి తెచ్చుకుని, రెండు వేళ్ల వెడల్పున పట్టీ కోసి, ఒక కొసను సంచి అడుగున పలక వైపు దబ్బనంతో గట్టిగా కుట్టండి. రెండో కొసకు మందపాటి ఇనుప తీగను వంచి చేసిన కొక్కెం కట్టి, క్యారియర్ కాలు ఇరుసు దగ్గర బిగించి ఉన్న చోట లాగి తగిలించండి. కొక్కెం మొన బయటి వైపుకే ఉండాలి. లోపలికి ఉంటే చువ్వల్లో పడి మనిషినే పడవేస్తుంది. ఎండకు రబ్బరు బీటలు వారుతుంది కనుక అప్పుడప్పుడు చూసుకుని మార్చండి.

మడమ సంగతికి, బండికి స్టాండు వేసి, రోజూ తొడిగే చెప్పులతోనే సీటు మీద కూర్చుని పెడలును వెనక్కి తిప్పి చూడండి. మడమ తగలనంత దూరం సంచులను వెనక్కి జరిపి, అవి మళ్లీ ముందుకు జారకుండా పాత బెల్టుతో క్యారియర్‌కు బిగించండి.

మన జిల్లాలో ఒకప్పుడు గోగునారకు కొదవ ఉండేది కాదు కనుక, ఆ నారతో నేసే గోనెతో కుట్టించమని కొందరు చెబుతారు. ఎండ రోజుల్లో అది మంచిదే, గాలి ఆడి కూరగాయలు చెమర్చవు. తడిస్తే మాత్రం నీరు పీల్చి బరువెక్కుతుంది, త్వరగా ఆరదు. వాన రోజుల్లో గుడ్డ సంచిలోనే మందపాటి పాలిథిన్ కవరు పరచి, నోరు మూడు మడతలు మడిచి, బట్టలకు పెట్టే క్లిప్పులు పెడితే పప్పు, పంచదార తడవవు. ఆకుకూరలను మాత్రం ఆ కవరులో మూయకండి, ఉడికిపోయినట్లు అవుతాయి.

సర్దేటప్పుడు దుంపలు, ఉల్లిపాయలు అడుగున, టమాటాలు పైన, రెండు వైపులా సమానంగా పెట్టండి. హ్యాండిల్‌కు మరో సంచి తగిలించవద్దు. ముందు చక్రం మాట వినదు. నిండు సంచులు వెనక ఉన్న ఎర్ర రిఫ్లెక్టరును కప్పివేస్తాయి కనుక, సాయంత్రం తిరిగి వచ్చే అలవాటుంటే ఎర్రగా మెరిసే టేపు ముక్కను ప్రతి సంచికీ వెనక వైపున కుట్టించుకోండి.