డిజైన్ పని నేర్చుకోవడం గురించి మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

వచ్చే ఏడాది సైన్యంలోని ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల విభాగం) నుంచి పింఛను మీద వచ్చాక యంత్రభాగాల డిజైన్ పనిలో చేరాలని ఉందనీ, ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, కాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు మూడూ కలిపి నేర్పుతామంటున్న ఇన్‌స్టిట్యూట్‌కు డబ్బు కట్టమంటావా అనీ అడిగావు. ఇప్పుడే కట్టవద్దు.

పదిహేనేళ్లు గేర్‌బాక్సులు విప్పి బిగించిన నీకు ఏ బేరింగు ఎందుకు పట్టేస్తుందో, ఏ బోల్టుకు పానా అందదో చేతికే తెలుసు. ఆ తెలిసినదాన్ని కాగితం మీద పెట్టడమే నీకు ఇంకా రావాలి. అందుచేత మొదటి రెండు నెలలు డ్రాయింగ్ చదవడం మీదే కూర్చో. మన దేశంలో ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్, అమెరికా డ్రాయింగుల్లో థర్డ్ యాంగిల్ వాడతారు. కుడివైపు నుంచి చూసిన బొమ్మను మొదటిదానిలో ఎడమ పక్కన, రెండోదానిలో కుడి పక్కన గీస్తారు; ఏ పద్ధతో తెలిపే గుర్తు షీటు మీద ఉంటుంది. నేను సర్వీసు నుంచి వచ్చిన కొత్తలో ఆ గుర్తు చూసుకోకుండా ఒక బ్రాకెట్ గీసి ఇస్తే, కుడివైపు ఉండవలసిన గాడి ఎడమవైపు పడి నలభై ముక్కలు తుక్కులోకి పోయాయి. ఆ తరువాత టాలరెన్సులు, అంటే కొలతలో ఎంత తేడాను ఒప్పుకోవచ్చో చెప్పే హద్దులు, పట్టుకో. 25 మి.మీ. రంధ్రానికి హెచ్7, షాఫ్టుకు జి6 అని ఆ హద్దుల గుర్తులు రాసి ఉంటే వాటి మధ్య సందు 7 నుంచి 41 మైక్రాన్ల (మి.మీ.లో వెయ్యో వంతుల) వరకు ఉండవచ్చునని నువ్వే లెక్క కట్టగలిగిననాడు, ఇన్నాళ్లూ వదులు, బిగువు అంటూ వచ్చినవాటికి అంకెలు దొరుకుతాయి.

సాఫ్ట్‌వేర్ ఒక్కటి చాలు. ఫ్రీక్యాడ్ అనేదానికి ఖర్చు లేదు. స్కెచ్ గీసి, కొలతలు ఇచ్చి, దానికి మందం కల్పించే పద్ధతి సాలిడ్‌వర్క్స్‌లోనూ అదే కనుక తరువాత మారడం పెద్ద కష్టం కాదు. సెలవుకు వచ్చినప్పుడు మన పొలంలోని పాత పంపుసెట్టు విప్పి, ప్రతి భాగాన్నీ వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరంతో) కొలిచి గీసి, భాగాలన్నీ కంప్యూటర్‌లో జతచేసి అసెంబ్లీ చేసి, డ్రాయింగ్ షీట్లు తీయి. ఇంటర్వ్యూలో చేతికి ఇవ్వవలసినవి ఆ షీట్లే. సైన్యంలో చూసిన పరికరాన్ని మాత్రం జ్ఞాపకం మీదనైనా గీయవద్దు. అధికార రహస్యాల చట్టంతో చెలగాటం మనకెందుకు?

పదిహేనేళ్ల సర్వీసుకు ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్టు ఇంజినీరింగ్ డిగ్రీ కిందకు రాదు. మొదట డ్రాఫ్ట్స్‌మన్‌గానే, అంటే ఇతరులు చేసిన డిజైన్‌కు డ్రాయింగులు గీసేవాడిగానే, చేరవలసి రావచ్చు, అందుకు చిన్నబుచ్చుకోకు. డీజీఆర్ (రక్షణ శాఖ పునరావాస డైరెక్టరేట్) వారు సైనికులకు నడిపే పునరావాస కోర్సుల గురించి యూనిట్‌లో ఇప్పుడే విచారించు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న కేంద్ర టూల్ డిజైన్ సంస్థలో ఏ కోర్సులున్నాయో కూడా కనుక్కో. ఆఫీసులో చేరాక నీకంటే పదిహేనేళ్లు చిన్నవాడు నీ షీటు మీద ఎర్రగీతలు పెడతాడు, పెట్టనీ. అయితే కొలత తప్పని అనిపించినప్పుడు, ఆర్డరు వచ్చింది కదా అని గీసేయకుండా అడుగు. మన సైన్యపు అలవాటుకు అదే కష్టమైన పని.

పంపుసెట్టును పాత ఇనుముకు వేయవద్దని మీ అమ్మతో చెప్పాను. నువ్వు వచ్చేలోగా నా వెర్నియరు ఇంటికి చేరుస్తాను.

ఇట్లు,
మామయ్య